తవుటి ధర

మూడు కొటేషన్లు వచ్చాయి ఆఫీసుకి.
మూడు కంపెనీలు, మూడు ఊళ్లు, మూడు రబ్బరు ముద్రలు.
మూడింట్లోనూ షట్టర్ అన్న మాటలో
ఒక టీ తక్కువ.
చూశాను.
ఆ తగ్గిన టీ సాయంత్రం నాలుగింటికి
అల్లం వేసి, గాజుగ్లాసులో
నా బల్ల మీదికి వచ్చింది.
తాగాను.

పన్నెండు షట్టర్లు, పన్నెండు గేరుపెట్టెలు,
రంగు రెండు పూతలు, గ్రీజు వేరే పద్దు.
నరసన్నపేట సబ్ డివిజన్లో
కొలతల పుస్తకానికి నా చేతిరాతే అందం అనేవారు.
ఏఈ గారు జీపు దిగకుండా కొలిచినవాటిని
ఎర్రసిరాతో కూడి, నల్లసిరాతో ఎత్తిరాసి
నీరు చేరని చోట కూడా
కాగితం తడిపాను.

ఆ ఏడు శివారు మడులు
శ్రావణంలోనే నెర్రెలిచ్చాయి.
ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు,
ఎండిన వరి దుబ్బులు బల్ల మీద పెట్టి
ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు.
బిల్లుల మధ్య మట్టి రాలింది.
బంట్రోతుని పిలిచి తుడిపించాను.

తర్వాత విశాఖ నుంచి విజిలెన్సు వచ్చింది.
"కాలవ లస్కరు ఎవరు? పిలవండి."

తవిటయ్య వచ్చాడు,
భుజాన తువ్వాలు, చేతిలో షట్టర్లు తిప్పే ఇనప హేండిలు.
ముందురోజు రాత్రి కంట్రాక్టరు మనిషి
ఆ ఇంటికి వెళ్లాడని నాకు తెలుసు.
కవరు మందం కూడా తెలుసు.
నాది అంతకన్నా పలచన.

"ఎన్ని షట్టర్లు తవిటయ్యా?"
"ఏడు బాబూ."
"పుస్తకంలో పన్నెండున్నాయే?"
"పుస్తకం తిప్పితే నీరొత్తాదేటి బాబూ?
నాను తిప్పితే వత్తాది.
నాను తిప్పినవి ఏడు."
అరచేతులు చాపాడు.
ఆ చేతుల్లో ఏడు కాయలున్నాయని
రాయాలని ఉంది నాకు.
అబద్ధం. నేను లెక్కపెట్టలేదు.

ఈఈ గారు నవ్వారు.
"ముసలాడండీ. మతిమరుపు. ఎవరో ఎక్కించి పంపారు."
తవిటయ్య ఆయన వైపు చూడలేదు.
నా వైపు చూశాడు.

"మాయమ్మకి నాకు ముందు ముగ్గురు పోనారు బాబూ.
నాను పుట్టగానే సేటలో పెట్టి
పక్కింటి ముసల్దానికి తవుటికి అమ్మీసినారు,
సావు కన్ను పడకుండా.
మల్లా అదే తవుడిచ్చి కొనుక్కున్నారు.
అందుకే తవిటోణ్ణి.
ఒకపాలి అమ్ముడైపోనాను, ధర కట్టీసినారు.
మల్లా మల్లా అమ్ముతారేటి మనిసిని?"

ఫేను తిరుగుతోంది.
ఆ మాట ఎవరూ రాసుకోలేదు.
వాంగ్మూలంలో "ఏడు" అని మాత్రమే ఉంది.

ఆ రాత్రి బీరువా తాళం నా దగ్గరే ఉంది.
మూడు కొటేషన్లూ తీసి
లేని అక్షరం కింద మూడుసార్లు
ఎర్రగీత గీశాను.
లేనిదాని కింద గీత గీయడం
ఎంత కష్టమో అప్పుడు తెలిసింది,
ఉన్నట్టు రాయడం ఎంత తేలికో కూడా.
నా కవరు సంగతి వేరే కాగితం మీద,
అందంగా కాకుండా, రాసిచ్చాను.

నన్ను ఇచ్ఛాపురం బదిలీ చేశారు.
సగం జీతం, ఇంకా తేలని విచారణ.
కంట్రాక్టరుకి బావమరిది పేరు దొరికింది.
కొత్త కొటేషన్లలో
అక్షరదోషాలు లేవని విన్నాను.

మొన్న బస్సు ఆ గట్టు పక్క ఆగింది.
కాలవలో మోకాలి లోతు దిగి
తుక్కు తీస్తున్నాడు తవిటయ్య.
కిటికీలోంచి అరిచాను, "ఇప్పుడు ఎన్ని?"
తడి వేళ్లు ఎత్తి చూపించాడు.
ఈలోగా బస్సు కదిలింది.
ఎనిమిదో, తొమ్మిదో.
అందాజుగా రాయను.
ఆదివారం దిగి
నడిచి చూసి వస్తాను.